బ్యూక్ గ్రాండ్ నేషనల్: 1984–85దా, 1986–87దా?

బ్యూక్ గ్రాండ్ నేషనల్ ఒక అమెరికన్ కారు. 1984–85 బండ్లు, 1986–87 బండ్లు రెండూ నల్ల రంగువే, రెండింట్లోనూ 3.8 లీటర్ల టర్బో వీ6 ఇంజినే. అసలు తేడా టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో ఉంది. 1984–85 బండ్లలో అది లేదు. టర్బో నొక్కిన వేడిగాలి నేరుగా సిలిండర్లలోకి పోతుంది. అందుకే అభిమానులు వాటిని ‘హాట్ ఎయిర్’ అంటారు. శక్తి 200 హార్స్‌పవర్. 1986లో ఇంటర్‌కూలర్ వచ్చి 235 అయింది, 1987లో 245.

వేడిగాలి బండిలో బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) పెంచితే నాకింగ్ (సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి మండడం) త్వరగా మొదలవుతుంది, ముందు పోయేది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే సీలు). ఇంటర్‌కూలర్ బండికీ ఆ ముప్పు తప్పదు, కాకపోతే కాస్త ఆలస్యంగా వస్తుంది. బూస్ట్ పెంచేముందు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టి నడిపి చూడాలి. బూస్ట్ ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పెరిగితే ఇంధన ఒత్తిడీ ఒక పీఎస్ఐ పెరగాలి. పెరగకపోతే పంపు నీరసించింది, లేదా పాత సన్నని వైరులో దానికి వోల్టేజీ చాలడం లేదు. పంపు మార్చినప్పుడే రిలేతో మందపాటి వైరు లాగడం మంచిది.

1986–87లో జాగ్రత్తగా చూడాల్సింది బ్రేకులు. పెడల్ తొక్కడానికి సాయపడే పవర్‌మాస్టర్ యూనిట్‌లో విద్యుత్ పంపు, ఒత్తిడి నిలిపే గుండ్రటి అక్యుమ్యులేటర్ ఉంటాయి. ఏది పోయినా పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బ్రేక్ ఆయిల్ మట్టం చూసేముందు ఇగ్నిషన్ ఆపి, పెడల్‌ను కనీసం పదిసార్లు తొక్కాలి. లేకపోతే మట్టం తక్కువగా కనిపించి, ఎక్కువ పోసేస్తారు.

రోజూ నడపాలంటే, విడిభాగాలు దొరకాలంటే 1987దే మా ఎంపిక. అరుదుదనం కావాలంటే హాట్ ఎయిర్.