ఎల్గార్ కండక్ట్ చేసిన ‘జెరాంటియస్’ ఫుల్ సెట్ అని ఎవరైనా అమ్మితే కొనకండి

78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు) కొనేవాళ్లు దయచేసి చదవండి. పాత రికార్డులు ఆన్‌లైన్లో అమ్మే అతను మీలో చాలామందికి తెలిసినవాడే. ‘ద డ్రీమ్ ఆఫ్ జెరాంటియస్, కంప్లీట్, కండక్టర్ ఎల్గార్, 12 రికార్డులు’ అని పెట్టాడు. ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ గాయకులు, కోరస్ (బృందగాయకులు), ఆర్కెస్ట్రా కోసం రాసిన కృతి అది. కండక్టర్ అంటే వాళ్లందరినీ నడిపించేవాడు. 18,000 కట్టాను. నిన్న పెట్టె విప్పితే లేబుల్ మీద కండక్టర్‌గా మాల్కం సార్జెంట్ పేరు! అది 1945 సెట్. ఎల్గార్ 1934లోనే పోయారు.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? ‘లేబుల్ మీద ఎల్గార్ పేరుందిగా సార్. పాట అదే కదా, కండక్టర్ ఎవరైతే ఏంటి?’ వాపసు అడగ్గానే ఫోన్ పెట్టేశాడు.

ఎవరైతే ఏంటా? రాసిన మనిషే ఎదురుగా నిలబడి కోరస్‌ను ఎక్కడ అణిచారో, ఎక్కడ వదిలారో వినాలనేగా ఆ రికార్డుల కోసం ఏళ్లతరబడి వెతుకుతాం! సార్జెంట్ సెట్ తక్కువదని కాదు. ఆ కృతి మొత్తం మొదటిసారి రికార్డయింది అందులోనే, హడర్స్‌ఫీల్డ్ కోరస్ అద్భుతంగా పాడింది. కానీ నేను డబ్బు కట్టింది దానికి కాదు.

నా తప్పూ ఉంది. ఎల్గార్ కండక్ట్ చేసిన జెరాంటియస్ రికార్డులు 1927 నాటి రెండు కచేరీల్లోని భాగాలే: ఫిబ్రవరిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్, సెప్టెంబరులో హియర్‌ఫర్డ్ కెథడ్రల్. 12 అంగుళాల రికార్డు ఒక వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. 12 రికార్డులంటే 24 వైపులు, అంటే గంటన్నర పైచిలుకు కృతి మొత్తం. ఆ అంకె చూడగానే నాకు అనుమానం రావాల్సింది.

అతను పెట్టిన లేబుల్ ఫోటోలో పాట పేరు కింద బ్రాకెట్లో ‘ఎల్గార్’ అని కనిపించింది. బ్రాకెట్లో ఉండేది స్వరకర్త పేరు. కండక్టర్ పేరు ఇంకా కింద ఉంటుంది. సరిగ్గా అక్కడే లైటు వెలుగు పడి తెల్లగా అయిపోయింది.

పైగా రెండు రికార్డులు పగిలాయి. లక్క రికార్డుల్ని మధ్యలో అట్టైనా లేకుండా దొంతరగా పేర్చి పంపాడు.

కొనేముందు లేబుల్ ఫోటో పగటి వెలుతురులో తీసి పంపమనండి, లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబరుతో (అది ఏ రికార్డింగో చెప్పే నంబరు) సహా. గాడులు బూడిదరంగుకి తిరిగితే వదిలేయండి, స్టీల్ ముల్లు అరగదీసేసినట్టే. కోరస్ గట్టిగా పాడే చోట బరబర తప్ప ఏమీ వినపడదు. వచ్చాక స్పిరిట్‌తో మాత్రం తుడవకండి, లక్క కరిగిపోతుంది.