అయిదు వాట్ల రేడియోకు ఏది మేలు: పీఎస్‌కే31, ఎఫ్‌టీ8, జేఎస్8కాల్?

అయిదు వాట్లకు మించని శక్తితో, క్యూఆర్‌పీ పద్ధతిలో ప్రసారం చేసే హామ్‌లకు, అంటే అభిరుచితో రేడియో నడిపేవారికి, అక్షరాలు పంపడానికి ముఖ్యంగా మూడు మోడ్‌లు (కంప్యూటర్ సాయంతో అక్షరాలను సిగ్నల్‌గా మార్చే పద్ధతులు) అందుబాటులో ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన పీటర్ మార్టినెజ్ 1998లో పీఎస్‌కే31ను అందించారు. నోబెల్ గ్రహీత అయిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో ఎఫ్‌టీ8ను రూపొందించారు. ఆ మరుసటి సంవత్సరమే దాని పునాదిపై జోర్డాన్ షెరర్ జేఎస్8కాల్‌ను నిర్మించారు.

ఎంపికకు ముందు చూడవలసింది చేతిలోని సెట్టును. పీఎస్‌కే31 సిగ్నల్ తీవ్రత ప్రసారమంతటా మారుతూ ఉంటుంది కాబట్టి దానికి లీనియర్ ట్రాన్స్‌మిటర్ (ఆ హెచ్చుతగ్గులను ఉన్నదున్నట్లు పంపేది) తప్పనిసరి. తక్కిన రెండింటిలో తీవ్రత మారదు, స్వరం మాత్రమే మారుతుంది. అందుకే క్యూఆర్‌పీ ల్యాబ్స్ వారి క్యూడీఎక్స్ వంటి అయిదు వాట్ల చిన్న సెట్టు ఎఫ్‌టీ8ను చక్కగా పంపగలిగినా పీఎస్‌కే31కు పనికిరాదు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ సెట్లు ఎస్‌ఎస్‌బీ రకానివి, అంటే మాటను పంపే లీనియర్ సెట్లు, కాబట్టి వాటికి ఈ అడ్డు లేదు. అయితే వాటిలోకి పంపే ఆడియో స్థాయిని తగ్గించి ఉంచకపోతే పీఎస్‌కే31 సిగ్నల్ వెడల్పై పక్కవారి సంభాషణను చెడగొడుతుంది.

దూరం చేరడంలో పీఎస్‌కే31 వెనుకబడుతుంది. చెవికి వినబడనంత బలహీనమైన సిగ్నల్‌ను సైతం ఎఫ్‌టీ8 చదవగలదు. స్థూలంగా పది డెసిబెళ్ల తేడా, అంటే పది రెట్ల శక్తి, అనుకుంటే, ఎఫ్‌టీ8లో అయిదు వాట్లు చేసే పనికి పీఎస్‌కే31లో యాభై వాట్లు కావాలి. పైగా సాధారణ పీఎస్‌కే31లో దోష సవరణ లేనందువల్ల సిగ్నల్ సన్నగిల్లినప్పుడు తప్పు అక్షరాలు తెరమీద పడతాయి.

కాని చేరడం వేరు, సంభాషించడం వేరు. ఎఫ్‌టీ8లో పదిహేను సెకన్ల వంతుకు స్వేచ్ఛగా రాయగలిగింది పదమూడు అక్షరాలే. కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు), సిగ్నల్ నివేదికలు మార్చుకోవడంతో సుమారు తొంభై సెకన్లలో పరిచయం ముగుస్తుంది. పీఎస్‌కే31లో టైపు చేసిన అక్షరం అప్పటికప్పుడే అవతలివారికి కనిపిస్తుంది, వేగం నిమిషానికి దాదాపు యాభై పదాలు. అందులో చిన్న బడి (a, b, c) ఇంగ్లిషు అక్షరాలకు సంకేతాలు పొట్టిగా ఉంటాయి కాబట్టి, తెలుగు మాటలను రోమన్ లిపిలో పంపేవారు పెద్ద అక్షరాలను మానితే వేగం పెరుగుతుంది.

జేఎస్8కాల్ ఈ రెండు గుణాలనూ కలుపుతుంది. సాధారణ వేగంలో నిమిషానికి పదహారు పదాలే వెళతాయి, ఆ నిదానం మొదట్లో విసుగు పుట్టిస్తుంది. అయినా ఎఫ్‌టీ8 అంతటి బలహీన సిగ్నల్‌లోనూ పూర్తి వాక్యం చేరుతుంది, మధ్యలోని మరో స్టేషన్ ద్వారా సందేశాన్ని దాటించవచ్చు, అవతలివారు లేనప్పుడు దానిని భద్రపరచవచ్చు. తుపాను తరువాత ఫోన్లు పనిచేయని చోట బ్యాటరీతో నడిచే చిన్న సెట్టుకు ఇంతకన్నా అక్కరకు వచ్చే గుణం నాకు కనిపించదు. అందుకే నా ఓటు దీనికే. ఎవరైనా దొరికితే చాలు, తన యాంటెన్నా ఎంతవరకు చేరుతుందో తెలుసుకోవాలనుకునేవారు మాత్రం జనం ఎక్కువగా ఉండే ఎఫ్‌టీ8నే వాడాలి.

జేఎస్8కాల్ ఎంచుకున్నవారు రెండు జాగ్రత్తలు పాటించాలి. పొడవైన సందేశంలో ప్రసారాలు వెంటవెంటనే సాగి సెట్టులో సిగ్నల్ శక్తిని పెంచే చివరి ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి కాబట్టి శక్తిని కొంత తగ్గించుకోవాలి. వంతులు గడియారాన్ని బట్టే సాగుతాయి, కంప్యూటర్ గడియారం సెకనుకు మించి తప్పకూడదు కాబట్టి, ఇంటర్నెట్ లేని చోటికి వెళ్లేటప్పుడు సమయం సరిచూసుకోవడానికి చిన్న జీపీఎస్ రిసీవర్‌ను వెంట తీసుకువెళ్లాలి.