కెనడా రై విస్కీ: ఆరు చలికాలాల తర్వాత నా మాట

కెనడాలోని బ్రాంప్టన్ వచ్చిన మొదటి ఏడాది, హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్‌కి వీడియో కాల్‌లో సీసా చూపించి "ఇది రై విస్కీ రా" అన్నాను. "రాయీ అంటే ఆవాలు కదరా, ఆవాలతో కూడా విస్కీ కాస్తారా?" అన్నాడు. వాడి హిందీ వాడిది. రై అంటే గోధుమకి చుట్టంలాంటి చలిదేశపు గింజ అనీ, మన పొలాల్లో కనపడదనీ పావుగంట క్లాసు పీకాను. కొన్నాళ్లకి తెలిసిందేంటంటే, ఆ రోజు నేను చూపించిన సీసాలో ఎక్కువ భాగం మొక్కజొన్న విస్కీయే!

కెనడా రై గురించి ఏ ఇద్దరు తాగేవాళ్ల మాటా కలవకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. ఇక్కడి చట్టంలో కెనడియన్ విస్కీ, కెనడియన్ రై విస్కీ, రై విస్కీ మూడూ ఒకటే. కెనడాలోనే కాచి, చిన్న చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉంచి, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకుండా నింపితే రై అని రాసుకోవచ్చు. రై గింజ ఇంత ఉండాలన్న లెక్క లేదు. అమెరికాలో అలా కుదరదు. గింజల్లో కనీసం 51 శాతం రై ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలి. ఇక్కడ ఆ పేరు 19వ శతాబ్దం నుంచి వస్తోంది. గోధుమ విస్కీలో కాస్త రై కలిపితే ఘాటు తగిలి జనానికి నచ్చింది, కొట్టుకెళ్లి రై అని అడగడం మొదలుపెట్టారు. గోధుమ పోయి మొక్కజొన్న వచ్చినా పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. వనస్పతి ఎవరిదైనా మనవాళ్లు డాల్డా అన్నట్టే.

తయారీ పద్ధతి కూడా వేరు. అమెరికాలో గింజలన్నీ కలిపే ఊరబెడతారు. ఇక్కడ చాలా డిస్టిలరీల్లో ఏ గింజకి ఆ గింజ విడిగా కాచి, విడిగా పీపాల్లో పెట్టి, చివర్లో కలుపుతారు. మొక్కజొన్నతో కాచిన తేలికపాటి విస్కీ పప్పు అనుకోండి, రై దానికి తాలింపు. ఆ లెక్కన మావాడి ఆవాలు మరీ తప్పేం కాదు.

ఇక నేను తాగినవాటి సంగతి. ఈ ఆరేళ్లలో మా ఇంట్లో ఎక్కువసార్లు ఖాళీ అయిన సీసా లాట్ నంబర్ 40. విండ్సర్‌లోని హైరం వాకర్ డిస్టిలరీ సరుకు, 43 శాతం, మొత్తం రై గింజే. పేరు ఒక పాత భూమి ప్లాటు నంబరు. మన దగ్గరైతే సర్వే నంబర్ 40 అని పెట్టేవాళ్లేమో. మూత తీయగానే లవంగం, దాల్చినచెక్క, ఆ వెనకే ఏవో పూల వాసన. నోట్లో మిరియాల చారులాంటి వేడి. మింగాక కాల్చిన బ్రెడ్డు రుచి చాలాసేపు నాలుక మీదే ఉంటుంది. అమెరికా రై కొన్నింట్లో సోయకూర వాసన కొడుతుంది, నాకు అది పడదు. ఇందులో అది లేదు.

ఎక్కువ రోజులు వాడితేగానీ తెలియని విషయం ఒకటుంది. కొత్త సీసాలో మొదటి రెండు పెగ్గులు కాస్త మొరటుగా ఉంటాయి. మూడు వారాలు పోయాక లవంగం తగ్గి, తీపి పైకి వస్తుంది. నాకు అప్పుడే ఇష్టం. కానీ ఒకసారి పావు సీసా మిగిల్చి ఇండియా వెళ్లి నాలుగు నెలలకి వచ్చాను. పూల వాసన పూర్తిగా పోయింది, ఘాటొక్కటే మిగిలింది. సగం దాటాక ఆలస్యం చేయకండి. మిరపకాయ బజ్జీతో మాత్రం తాగొద్దు, నోరంతా మంటే తప్ప ఏ రుచీ తెలియదు. వేయించిన జీడిపప్పు, ఉప్పు పల్లీలు బాగుంటాయి.

మా బావ బర్బన్ మనిషి, అంటే అమెరికా మొక్కజొన్న విస్కీ అభిమాని. కెనడా విస్కీ అంటే "రంగు నీళ్లు బావా" అని కొట్టిపారేసేవాడు. ఇక్కడ మా రాష్ట్రం ఆంటారియోలో విస్కీ అమ్మకం దాదాపు అంతా ఎల్‌సీబీఓ అనే ప్రభుత్వ సంస్థ చేతిలోనే, 1927 నుంచీ. ఆంధ్రాలో 2019 నుంచి ఐదేళ్లు సర్కారు షాపులు చూసినవాళ్లకి ఆ క్యూలు కొత్తేం కాదు, కాకపోతే ఇక్కడ కావలసిన బ్రాండు దొరుకుతుంది. 2025 మార్చిలో అమెరికాతో సుంకాల గొడవ మొదలై ఎల్‌సీబీఓ అమెరికా సరుకంతా అరల్లోంచి తీసేసింది. బావకి దిక్కుతోచక మా ఇంటికొచ్చాడు. లాట్ 40 పోశాను, ఏం సీసానో చెప్పలేదు. రెండో గుక్కకి "ఇది అమెరికాదే" అన్నాడు. సీసా చూపిస్తే నమ్మలేదు. నిజానికి ఆయన తప్పేం లేదు. అంతకుముందు ఆయన తాగింది ఏదో పెళ్లిలో పోసిన చవక బ్లెండు, అంటే రకరకాల విస్కీలు కలిపింది. పేరెందుకులెండి, నేనూ తాగాను, క్యారమెల్ చాక్లెట్‌ని స్పిరిట్‌లో నానబెట్టినట్టుంది.

అలాగని చవక విస్కీలన్నీ పనికిరావని కాదు. మా ఆఫీసులో సస్కాచెవాన్ నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. ఆయనకి రై అంటే జింజర్ ఏల్ (అల్లం రుచి కూల్‌డ్రింకు) పోసుకుని తాగేది. గింజల లెక్క ఎత్తితే నవ్వుతాడు. రై అండ్ జింజర్ ఇక్కడ సోడా కలుపుకున్నంత మామూలు విషయం. దానికి లాట్ 40 వృథా, 30 డాలర్ల చుట్టుపక్కల దొరికే ఆల్బర్టా ప్రీమియం చాలు. కాల్గరీ సరుకు, అదీ మొత్తం రై గింజే. విడిగా తాగితే కాస్త పలచన, జింజర్ ఏల్‌లో మాత్రం ఘాటు నిలబడుతుంది. దాని అన్న ఉన్నాడు, కాస్క్ స్ట్రెంగ్త్, అంటే పీపాలోంచి తీసి నీళ్లు కలపకుండా నింపింది, 60 శాతం పైమాటే. చెంచా చెంచాగా నీళ్లు కలుపుతూ గంటసేపు కూర్చునేవాళ్లకి అది. తొందరపడితే గొంతు చెబుతుంది.

క్రౌన్ రాయల్ నార్తర్న్ హార్వెస్ట్ రై మీద గొడవ వేరే. విస్కీ సమీక్షకుడు జిమ్ ముర్రే 100కి 97.5 వేసి తన 2016 విస్కీ బైబిల్‌లో ప్రపంచంలోనే నంబర్ వన్ అనేసరికి షాపుల్లో సీసా దొరకలేదట. స్కాచ్ అభిమానులకి మాత్రం ఇప్పటికీ అదొక జోకు. 90 శాతం రై, 45 శాతం ఆల్కహాల్. నా వరకు ప్రపంచ నంబర్ వన్ కాదు, జోకూ కాదు. వెనిల్లా తీపితో మొదలై చివర్లో మిరియం తగులుతుంది, విస్కీ అలవాటు లేని అతిథికి పోయడానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. మన బెల్లం మడ్డి స్పిరిట్ కలిసిన ఇండియా విస్కీల మీద నాలుక తయారైనవాళ్లకి కూడా ముందు ఇదే పోస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు మికీ అడగండి, మన హాఫ్ అన్నమాట, 375 మిల్లీలీటర్లు. సీసా మీద రై అన్న ముక్క చూసి ఆగిపోకుండా, 100 శాతం అనో 90 శాతం అనో రాసుందేమో వెతకండి. లాట్ 40 నేను మొదట కొన్నప్పుడు 40 డాలర్లు, ఇప్పుడు ఇంకాస్త పెరిగింది. బావ పోయిన నెల రెండు తెప్పించుకున్నాడు. డబ్బులు ఇంకా రాలేదు.