రబ్బరు బ్యాండు వేసిన రెండు పాస్‌పోర్టులు: బరంపురం నుంచి డాలస్ దాకా

మా ఆవిడ పాస్‌పోర్టు గడువు 2024లో తీరింది. అందులో అంటించి ఉన్న అమెరికా వీసాకి మాత్రం 2027 దాకా ఆయుష్షు ఉంది. ఈ సంగతి బయటపడిన రోజు నుంచీ ఒడిశాలో మా ఊరు బరంపురంలో వీధివాళ్ళు తలో మాటా చెప్పారు. "పుస్తకమే పోయాక అందులో వీసా మాత్రం ఎక్కడ మిగులుతుందండీ?" అని పక్కింటాయన. "కొత్త పుస్తకంలోకి వీసా మార్పించేస్తాను, ఆరు వేలవుతుంది" అని ఒక ట్రావెల్ ఏజెంటు. ఆరు వేలకి మా ఆవిడ దాదాపు ఒప్పేసుకుంది కూడా.

అసలు సంగతి ఏమిటంటే, అమెరికా వీసాని ఒక పాస్‌పోర్టులోంచి ఇంకోదానిలోకి మార్చడమనేదే లేదు. మార్చనక్కర్లేదు కూడా. వీసా తేదీ దాటకుండా, కాగితం పాడవకుండా ఉంటే, గడువు తీరిన పాస్‌పోర్టునీ కొత్తదాన్నీ రెండూ చేతిలో పెట్టుకుని వెళ్ళొచ్చు. రెండూ ఒకే దేశానివి, ఒకే రకానివి అయ్యుండాలి. వెళ్ళే పని వీసా రకానికి సరిపోవాలి. మాది డాలస్‌లో ఉన్న మా అమ్మాయిని చూసి రావడమే కాబట్టి బి1/బి2, అంటే సందర్శకుల వీసా, చాలు. ఒక్క పని మాత్రం చచ్చినా చేయకూడదు. వీసా స్టిక్కర్ని పాతదాంట్లోంచి ఊడదీసి కొత్తదాంట్లో అంటిస్తే ఆ వీసా అక్కడితో చెల్లదు. ఇదంతా అమెరికా విదేశాంగ శాఖ వాళ్ళే రాసిపెట్టారు. మా అమ్మాయి ఆ పేజీ చదివి వినిపించేదాకా ఇంట్లో టెన్షన్ తగ్గలేదు.

వీసా మళ్ళీ కొత్తగా తీసుకోవాలంటే 185 డాలర్ల ఫీజు ఒక ఎత్తు, హైదరాబాద్ దాకా పోవడం ఇంకో ఎత్తు. ఒడిశావాళ్ళకి కూడా అమెరికా కాన్సులేట్ హైదరాబాదే. 2017లో మేం బేగంపేటలో పైగా ప్యాలెస్‌కి వెళ్ళి తీసుకున్నాం. ఇప్పుడది నానక్‌రామ్‌గూడలో ఉంది. దూరం మనకెలాగూ తగ్గలేదు.

కొత్త పాస్‌పోర్టు మాత్రం ఊళ్ళోనే అయింది. పోస్టాఫీసులో పెట్టిన పాస్‌పోర్టు సేవా కేంద్రం మాలాంటివాళ్ళకి పెద్ద మేలు. లేకపోతే భువనేశ్వర్ దాకా నూట డెబ్భై కిలోమీటర్లు పోయి రావాలి. 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు కట్టాం. తత్కాల్ అయితే ఇంకో 2000. మాకు తొందర లేదు. కౌంటరులో ఉన్నతను పాతదాని మూల కత్తిరించి, రద్దయినట్టు ముద్ర కొట్టి తిరిగిచ్చేశాడు. కత్తెర తీసినప్పుడు మా ఆవిడ ఒక్కసారిగా లేచి నిలబడి, "వీసా పేజీ, బాబూ, వీసా పేజీ" అని ఒరియాలో గోల పెట్టింది. అతను నవ్వి, ఆ పేజీ వేరుగా ఎత్తి పట్టుకుని అట్ట మూల మాత్రం కోశాడు.

అక్కడే ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒరియావాళ్ళకి పేరు చివర పట్నాయక్ అనో పండా అనో ఉంటుంది, దాన్ని టైటిల్ అంటారు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, చాలామంది ఆడవాళ్ళ పాత పాస్‌పోర్టుల్లో అసలు ఆ గడే ఖాళీ. మా ఆవిడదీ అంతే. అందుకే ఆవిడ వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలో ఉండి, సొంత పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడింది, అంటే సొంత పేరు తెలియదని. "ఇప్పుడు టైటిల్ విడగొట్టి సరిగ్గా రాసేద్దామా?" అని కౌంటరులో అబ్బాయి మంచికే అడిగాడు. వద్దన్నాం. పేరు మారితే పాత వీసాతో పోల్చేటప్పుడు లేనిపోని ప్రశ్నలు మొదలవుతాయి. వీసా గడువు తీరి కొత్తది తీసుకునేటప్పుడు చూసుకోవచ్చు. వీసా బతికున్నంత కాలం పేరు జోలికి పోకపోవడమే నయం.

కొత్త పుస్తకం స్పీడ్ పోస్టులో వచ్చింది. ఆఖరి పేజీలో పాత పాస్‌పోర్టు నంబరూ, అది ఇచ్చిన తేదీ, చోటూ అచ్చయి ఉన్నాయి. రెంటినీ కలిపే బంధుత్వ పత్రం అదే. ఆ పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకున్నాను.

ఇక దారి. బరంపురంలో ఉన్నవాడికి అమెరికా పోవడానికి మూడు గుమ్మాలు: భువనేశ్వర్, వైజాగ్, హైదరాబాద్. భువనేశ్వర్ దగ్గరే, కానీ మేం చూసిన టికెట్లలో అక్కడ ఎక్కి ఢిల్లీలో మళ్ళీ పెద్ద విమానం మారాలి. మోకాళ్ళ నొప్పుల మనిషితో ఆ ఢిల్లీ నడక నేను పడలేను. వైజాగ్‌దీ అదే కథ. హైదరాబాద్ అయితే సాయంత్రం బరంపురంలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే మర్నాడు పొద్దున్న సికింద్రాబాద్. సెకండ్ ఏసీలో రెండు కింది బెర్తులు దొరికాయి. ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోర పలాస దాటకముందే అయిపోయింది.

అబుదాబీ మీదుగా వెళ్ళమని మా బావగారు సలహా ఇచ్చారు. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తారు, దిగాక ఊరి ప్రయాణంలా బయటికొచ్చేయొచ్చు. కానీ మాకు చూపించిన టికెట్లో మధ్య సమయం తక్కువ. రెండు పాస్‌పోర్టుల వ్యవహారం అక్కడ సాగితే తర్వాత విమానం పోతుందని భయపడి గల్ఫ్‌లోనే ఇంకో ఊరి మీదుగా తీసుకున్నాం. మధ్యలో నాలుగు గంటలు దొరికితే ఈసారి అబుదాబీకే వెళ్తాను.

తెల్లవారుజామున విమానం కాబట్టి పగలంతా శంషాబాద్‌లో ఒక లాడ్జిలో ఉన్నాం, 1800 రూపాయలు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి. రాత్రి ఒంటిగంటకి ఉచితంగా కారు పంపిస్తామన్నారు గానీ ఆ టైమ్‌కి రిసెప్షన్‌లో మనిషే లేడు. షట్టరు తట్టి లేపాల్సి వచ్చింది. చివరికి నేనే క్యాబ్ పిలుచుకున్నాను. పొద్దున్న సికింద్రాబాద్ నుంచి మేమెక్కిన ఆర్టీసీ పుష్పక్ బస్సు మాత్రం చెప్పిన టైమ్‌కే బయల్దేరింది, డ్రైవరే సూట్‌కేసులు పెట్టించాడు. అర్ధరాత్రి బస్సు దొరుకుతుందంటే లాడ్జి మానేసి బంధువులింట్లోనే ఉండేవాణ్ణి.

విమానం కౌంటరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆన్‌లైన్ చెకిన్ ముందే మొరాయించింది. వీసా మీద అచ్చయి ఉన్నది పాత పాస్‌పోర్టు నంబరు, మేం టికెట్లో ఇచ్చింది కొత్తది. కౌంటరులో కుర్రాడు కొత్త పుస్తకం అటూ ఇటూ తిప్పి, "వీసా లేదు కదా, అంకుల్?" అన్నాడు. రబ్బరు బ్యాండు తీసి పాతది చూపించాను. కత్తిరించిన మూల చూసి, "ఇది క్యాన్సిల్ అయిపోయింది" అన్నాడు. పుస్తకం క్యాన్సిల్ అయింది, వీసా కాలేదు బాబూ అని నేను, లేదంకుల్ అని అతను. వెనక క్యూలో గొణుగుళ్ళు. చివరికి పెద్దావిడ ఒకరు వచ్చి, ఏ దేశానికి ఏ పత్రాలు కావాలో చూపించే టైమాటిక్‌లో ఒక్క నిమిషం చూసి, వీసా కింద ఎర్రటి నంబరు తనే కొట్టి, "రెండూ ఉన్నాయి, పంపించెయ్" అని వెళ్ళిపోయారు. అంతసేపు నిలబెట్టింది ఆ కుర్రాడి తప్పని నేననను. అతనికి అది నేర్పినవాళ్ళు లేరు.

అసలు ప్రమాదం ఆ తర్వాత. వీల్‌చైర్ అబ్బాయి మా కాగితాలన్నీ తీసుకుని చకచకా నడిపించుకుపోయాడు. వీల్‌చైర్ అడిగినందుకు పెద్ద క్యూ తప్పింది, ఆ సేవకి వంక పెట్టలేను. ఇమిగ్రేషన్ గుమ్మం దగ్గర చూసుకుంటే నాది ఉంది, ఆవిడ కొత్తది ఉంది, పాతది లేదు. "ఏమండీ, పాతదేదీ?" అని ఆవిడ గొంతు వణికింది. పరిగెత్తాను. కౌంటరులో కీబోర్డు కింద సగం బయటికి కనబడుతూ ఉంది, పక్కన మా రబ్బరు బ్యాండు. కౌంటరు కుర్రాడికి అది పనికిరాని పాత పుస్తకం కాబట్టి పక్కకి నెట్టేశాడంతే. అక్కణ్ణుంచి ఎవరు ఏం తీసుకున్నా "రెండు ఇచ్చాను, రెండు ఇవ్వండి" అని పైకే అంటూ వచ్చాను.

డాలస్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు నేను ముందే తయారుచేసుకున్న ఇంగ్లిషు వాక్యాలేవీ అవసరపడలేదు. ఆయన రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని, ఆవిడ వేలిముద్రలు, ఫోటో తీసుకుని, ఎన్నాళ్ళుంటారు, ఎవరింట్లో అని అడిగాడు. ముద్ర కొత్త పుస్తకంలో వేసి పక్కన పెన్నుతో వి ఐ ఓ పి పి అని ఐదక్షరాలు రాశాడు. వీసా వేరే పాస్‌పోర్టులో ఉందని దానికర్థమట. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బరంపురంలో నెల్లాళ్ళు పడ్డ బెంగంతా ఆ పెన్నుతో తీరిపోయింది.

కస్టమ్స్‌లో బరంపురం అప్పడాలూ ఆవకాయా ఉన్నాయని ముందే చెప్పేశాం. మాంసం లేదు కదా అని అడిగి పంపించేశారు. ఇంటికెళ్ళాక అమ్మాయి ఐ94, అంటే ఎప్పుడొచ్చామో ఎన్నాళ్ళుండొచ్చో చెప్పే రికార్డు, తీసి చూసింది. కొత్త పాస్‌పోర్టు నంబరుతోనే, ఎఫ్ఎన్‌యూ పేరుతోనే ఉంది. ఉండాల్సిన ఆఖరి తేదీ అక్కడే చూసుకోవాలి, వీసా మీద 2027 చూసి మురిసిపోకూడదు.

ఇది అమెరికా సంగతి. కెనడాకి కూడా రెండూ పట్టుకెళ్తే సరిపోతుంది. లండన్‌లో ఉన్న మా అక్కయ్య కొడుక్కి మాత్రం వేరు. వాళ్ళది కంప్యూటర్లో ఉండే ఈ-వీసా, కొత్త పాస్‌పోర్టు రాగానే ఆ ఖాతాలో నంబరు మార్చుకోవాలి. ఒక దేశం పద్ధతి ఇంకో దేశానికి అతికించి చూడకండి.

వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో ఆవిడ అలవాటుగా రెండూ తోస్తే, "ఇది అక్కర్లేదమ్మా" అని పాతదాన్ని వెనక్కి జరిపాడు ఆఫీసరు. అక్కణ్ణుంచి వైజాగ్‌కి చిన్న విమానం, బీచ్ రోడ్డు వెనక వీధిలో ఒక రాత్రి, మర్నాడు మధ్యాహ్నం వందే భారత్. లాడ్జిలో ఏసీ చప్పుడు చేసింది గానీ కింద హోటల్లో పెసరట్టు బాగుంది. రైలుకి చార్జీ ఎక్కువే, కానీ జెట్‌లాగ్ మీదున్న వాళ్ళకి ఆ సీట్లు సుఖం. ఇచ్ఛాపురం దాటాక ఆవిడ బ్యాగు తెరిచి చూసుకుంది. ఆ ఎండకి రబ్బరు బ్యాండు మెత్తబడి పాత అట్టకి అతుక్కుపోయింది. "ఊడదీయనా?" అన్నాను. "వీసా పేజీ చిరుగుతుందేమో, ఇంటికెళ్ళాక నేను తీస్తాను లెండి" అని బ్యాగు మూసేసింది.