పాడైన హార్డ్‌డిస్క్: వర్చువల్ మెషీన్ మేలా, లైవ్ యూఎస్‌బీ మేలా?

డిస్క్ పెట్టగానే ‘వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడిగిందంటే డేటా పోయినట్టు కాదు. చాలాసార్లు ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, అవి ఎక్కడున్నాయో చెప్పే పట్టికే చెడిపోతుంది. కంగారుపడకుండా క్యాన్సిల్ కొడితే మూడు దారులున్నాయి: అదే విండోస్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్ నడపడం, లైవ్ లినక్స్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) కంప్యూటర్ బూట్ చేయడం, లేదా వర్చువల్‌బాక్స్ లాంటి దాంట్లో వర్చువల్ మెషీన్ (విండోస్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) తయారుచేసి, అందులో లినక్స్ పెట్టుకుని డిస్క్‌ని దానికి అప్పగించడం.

మొదటి దారి వద్దు. డిస్క్ కనబడగానే విండోస్ దాన్ని మౌంట్ చేయబోతుంది (వాడకానికి తెరవబోతుంది), తన మరమ్మతు టూల్ చెక్‌డిస్క్ నడపమంటుంది. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ని (ఫైళ్ల లెక్క చూసే అమరికను) సరిచేయడం, మీ ఫైళ్లను కాపాడటం కాదు. లెక్క కుదరని ముక్కల్ని పేర్లు లేని ఫైళ్లుగా ఒక ఫోల్డర్‌లో పడేసి ఊరుకుంటుంది. ఆ రాతలన్నీ అసలు డిస్క్ మీదే జరుగుతాయి, ఇక వెనక్కి రావు.

మిగతా రెండింట్లో ఏది మేలన్నది డిస్క్ ఎలా పాడైందన్న దాన్నిబట్టి ఉంటుంది. ముందు స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూడండి. కరెంట్ పెండింగ్ సెక్టార్, రీఅలొకేటెడ్ సెక్టార్ అంకెలు (చదవలేకపోతున్న, పక్కనబెట్టిన డిస్క్ ముక్కల లెక్క) పెరుగుతుంటే డిస్క్ లోపలే దెబ్బతింటోంది. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా పంపడంలో తప్పులు) మాత్రమే పెరుగుతుంటే ఎక్కువగా కేబుల్‌దే తప్పు, మార్చి చూడండి.

లోపల దెబ్బతింటున్న డిస్క్‌కి లైవ్ యూఎస్‌బీయే మేలు. వర్చువల్ మెషీన్‌లో చదివే ప్రతి సెక్టారూ హోస్ట్ (అసలు కంప్యూటర్‌లోని) విండోస్ డ్రైవర్ల గుండా, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) గుండా రావాలి. చెడ్డ సెక్టార్ తగిలితే హోస్ట్ తన పద్ధతిలో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి డిస్క్ కనెక్షన్‌నే రీసెట్ చేస్తుంది. అసలే కొనప్రాణంతో ఉన్న డిస్క్‌కి ఆ వృథా ప్రయత్నాలు చేటు. లైవ్ యూఎస్‌బీలో ఈ మధ్యవర్తులు ఉండరు. సిస్టమ్‌రెస్క్యూ లాంటి లైవ్ లినక్స్ అయితే డిస్క్‌కి కాపీ తీసే డీడీరెస్క్యూ, పోయిన డిస్క్ భాగాలను (పార్టిషన్లను) వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్ రెండూ అందులోనే ఉంటాయి.

డీడీరెస్క్యూ పనితీరు చూస్తే ముచ్చటేస్తుంది. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఒకే ఫైల్‌లోకి నకలుగా, వేరే డిస్క్ మీదికి తీస్తుంది. ముందు తేలిగ్గా చదవగలిగినదంతా చదివేస్తుంది, చెడ్డ చోట్ల దగ్గర ఆగిపోకుండా దాటేసి, వాటి సంగతి తర్వాత చూస్తుంది. ఏది చదివిందో, ఏది మిగిలిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంట్ పోయినా ఆగినచోట నుంచే మొదలెట్టొచ్చు. మ్యాప్‌ఫైల్ ఇవ్వకుండా మాత్రం నడపకండి. ఇమేజ్ దాచే డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్4 లాంటిదై ఉండాలి. సెకనుకు 100 ఎంబీ వేగంతో చదివితే 1 టీబీకి మూడు గంటలలోపే పడుతుంది. చెడ్డ సెక్టార్లు ఎక్కువైతే అది రోజులకు వెళ్తుంది, ఓపిక పట్టాల్సిందే.

ఇమేజ్ చేతికొచ్చాక కథ మారుతుంది. ఇక్కడి నుంచి వర్చువల్ మెషీన్‌కి సాటి లేదు. ఇమేజ్‌ని వర్చువల్ డిస్క్‌గా మార్చి, అటాచ్ చేసి, స్నాప్‌షాట్ (ఆ క్షణాన ఉన్న స్థితిని దాచుకోవడం) తీసుకోండి. ఇప్పుడు టెస్ట్‌డిస్క్‌తో పార్టిషన్ టేబుల్ తిరగరాసి చూడొచ్చు, ఇందాక వద్దన్న చెక్‌డిస్క్‌నీ ధైర్యంగా నడపొచ్చు. తేడా కొడితే స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తే సరి. బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) పెట్టిన డిస్క్ అయితే విండోస్ నడిచే వర్చువల్ మెషీన్‌లో 48 అంకెల రికవరీ కీ ఇచ్చి తెరిచే ప్రయత్నం చేయొచ్చు. ఇందులో చాలావరకు లైవ్ యూఎస్‌బీలోనూ చేయొచ్చు గానీ, ప్రతి ప్రయోగానికీ ఇంకో కాపీ పెట్టుకోవాలి, ఈలోగా కంప్యూటర్ వేరే పనికి పనికిరాదు. ఫోటోరెక్ అనే రికవరీ టూల్‌ని మాత్రం ఆఖరికి ఉంచండి. అది ఫైళ్లను వాటి మొదటి బైట్ల ఆనవాలుతో వెతుకుతుంది, ఫోటోలు దొరుకుతాయి గానీ అసలు పేర్లూ ఫోల్డర్లూ మిగలవు.

స్మార్ట్ అంకెలు శుభ్రంగా ఉండి, పార్టిషన్ మాత్రమే చెడితే? అప్పుడు అసలు డిస్క్‌ని నేరుగా వర్చువల్ మెషీన్‌కి ఇచ్చి అక్కడే ఇమేజ్ తీయొచ్చు, రీబూట్ బాధ ఉండదు. ముందు విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని ఆఫ్‌లైన్ చేయాలి, వర్చువల్‌బాక్స్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. డిస్క్ నంబర్ రెండుసార్లు సరిచూసుకోండి. పొరపాటున విండోస్ ఉన్న డిస్క్‌ని ఇచ్చేస్తే రెండు సిస్టమ్‌లూ ఒకేసారి దాని మీద రాసి, బాగున్నదాన్నీ పాడుచేస్తాయి.

డిస్క్ టిక్ టిక్ మంటున్నా, గీరుతున్న చప్పుడు వస్తున్నా ఈ రెండు దారులూ వద్దు. వెంటనే కరెంట్ తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కి పంపడమే మంచిది. పాడైన హెడ్ (డేటా చదివే భాగం) పళ్లెం మీద తిరిగే ప్రతి నిమిషం ఇంకొంత డేటాను గీకేస్తుంది.