అత్తగారి ముత్తాత కోసం ఆరేళ్లు: ఏ రికార్డు పనికొచ్చింది, ఎక్కడ డబ్బు దండగ

మా ఆయనది అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం. మా అత్తగారి దగ్గర ఒక రేకు పెట్టె ఉంది, అందులో ఒక పాత జర్మన్ బైబిలు, దాని అట్ట లోపల పెన్సిల్‌తో రాసిన ఆరు పేర్లు, అంతే. ఆవిడ ముత్తాత రష్యా నుంచి వచ్చిన జర్మన్ అనీ, న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్లు దిగే ఎల్లిస్ ఐలాండ్‌లో దిగితే అక్కడి గుమాస్తా ఇంటిపేరు మార్చి రాశాడనీ, తర్వాత ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన పొలంలో స్థిరపడ్డాడనీ ఇంట్లో చెప్పుకునే కథ. 2019లో ప్రసూతి సెలవులో, పిల్లాడు నిద్రపోతే ఏం చెయ్యాలో తోచక ఆ కథ పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. ఆరేళ్లలో తేలింది ఏమిటంటే, ఆయన రష్యా జర్మన్ అన్న ముక్క ఒక్కటే నిజం.

ఎల్లిస్ ఐలాండ్ సంగతి ముందే తేలిపోయింది. అది తెరిచింది 1892లో, ఈయన వచ్చింది 1874లో, అప్పటికి న్యూయార్క్‌లో దిగే చోటు క్యాసిల్ గార్డెన్. పేర్లు మార్చడం కూడా అక్కడి గుమాస్తాల పని కాదు, వాళ్లు ఓడ వాళ్లు రాసుకొచ్చిన జాబితా చూసి టిక్కు పెట్టుకునేవాళ్లు. పేరు మారింది నెబ్రాస్కాలోనే, మెల్లగా, ఎవరికి వినిపించినట్టు వాళ్లు రాసుకోవడం వల్ల.

నేను ఎక్కువగా వాడింది ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్. పూర్తిగా ఉచితం, మోర్మన్ చర్చి వాళ్లది, వాళ్లు 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి మైక్రోఫిల్ములు తీసి పెట్టారు, ఆ ఫిల్ములన్నీ స్కాన్ చెయ్యడం 2021లో పూర్తయింది. కొన్ని బొమ్మలు ఇంట్లోంచి తెరుచుకోవు, వాళ్ల సెంటర్‌కో, వాళ్లతో ఒప్పందం ఉన్న లైబ్రరీకో వెళ్లాలి. అందులో వంశవృక్షం అందరికీ కలిపి ఒకటే, ఎవరైనా వచ్చి మార్చొచ్చు, అందుకని నా చెట్టు నేను ఇంట్లో కంప్యూటర్లోనే పెట్టుకుని దాన్ని రికార్డుల కోసమే వాడతాను. ఈమధ్య వచ్చిన ఫుల్ టెక్స్ట్ సెర్చ్ మాత్రం అద్భుతం అండీ. చేత్తో రాసిన పాత దస్తావేజుల్ని ఏఐ చదివేస్తుంది. మూడేళ్లు కళ్లు కాయలు కాసేలా వెతికినవి కొన్ని మూడు నిమిషాల్లో బయటపడితే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

డబ్బు కట్టే సైట్ గురించి (పేరు చెప్పను) నా అనుభవం అంత బాగా లేదు. సూచనలు అంటూ ఆకుల గుర్తులు, గంటల గుర్తులు వస్తూనే ఉంటాయి, నొక్కితే చాలు ఎవరో కట్టిన చెట్టులోంచి తాతలూ ముత్తాతలూ గంపగుత్తగా మన చెట్టులోకి దిగిపోతారు. మొదటి నెలలోనే 1700 దాకా వెళ్లిపోయాను, మా ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను! ఏడు నెలల తర్వాత అది అదే పేరున్న వేరే మనిషి కుటుంబం అని తెలిసింది. రద్దు చెయ్యడం మర్చిపోతే ఏడాది డబ్బు మళ్లీ కట్ అయింది. ఇప్పుడు ఒక్క నెలకి కడతాను, ఆ నెలలో చూడాల్సినవన్నీ ముందే కాగితం మీద రాసుకుంటాను. చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీకి వెళ్తే ఇలాంటివి ఉచితంగానే చూడొచ్చు, ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక జనాభా లెక్కలు. ఇక్కడ పదేళ్లకోసారి రాసినవి 72 ఏళ్లు దాటాక జనానికి ఇచ్చేస్తారు, 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. 1850కి ముందువాటిలో ఇంటి యజమాని పేరు మాత్రమే ఉంటుంది. 1880 నుంచి ఎవరు ఎవరికి ఏమవుతారో రాశారు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది 1900 లెక్క, అందులో పుట్టిన నెల, పెళ్లయి ఎన్నేళ్లు, ఏ ఏడాది దేశానికి వచ్చారు, తల్లికి ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్నవన్నీ ఉంటాయి. మా ముత్తవ్వకి ఆ గడుల్లో పదకొండు, ఆరు అని ఉంది. బైబిల్లో ఉన్న ఆరు పేర్లు వీళ్లవే. మిగతా ఐదుగురి మాట ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

పుట్టిన దేశం అనే గడిని మాత్రం నమ్మకండి. ఈయనకి ఒక లెక్కలో జర్మనీ, ఒక లెక్కలో రష్యా, 1910లో రెండూ కలిపి రాశారు. మూడూ ఒక రకంగా నిజమే, ఎందుకంటే వీళ్లు 1800ల మొదట్లో రష్యా చక్రవర్తి జార్ పిలిస్తే, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ఒడెస్సా చుట్టుపక్కల వచ్చి స్థిరపడ్డ జర్మన్ రైతులు. సైన్యంలో చేరక్కర్లేదన్న మాటతో సహా వాళ్లకిచ్చిన ప్రత్యేక హక్కులు 1871లో తీసేశారు, 1874లో అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేశారు. నెబ్రాస్కాలో క్లే కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సటన్ అనే ఊరికి ఒడెస్సా వైపు జర్మన్లు 1873 నుంచే గుంపులుగా రావడం మొదలైంది అందుకే.

స్పెల్లింగుల గొడవ చెప్పి తీరాలి. ఇంటిపేరు ఇక్కడ రాయను గానీ నాకు ఐదు రకాలు దొరికాయి, మొదటి అక్షరమే కె కాస్తా సి అయింది, ఒకచోట జి అయింది. సౌండెక్స్ అని శబ్దాన్ని బట్టి వెతికే పద్ధతి ఒకటి ఉంది, చాలా పాతది, కానీ అది మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది కాబట్టి ఇక్కడ చేతులెత్తేస్తుంది. చివరికి ఇంటిపేరు తీసేసి కౌంటీ, వయసు, పుట్టిన దేశం మాత్రం పెట్టి చూడటం, అదీ కాకపోతే కౌంటీలో ఆ టౌన్‌షిప్ అనే భాగం జనాభా లెక్క పేజీలన్నీ వరసగా తిప్పడం. పల్లెటూరు కావడం ఇక్కడ కలిసొచ్చింది, ఒక సాయంత్రంలో అయిపోతాయి.

అసలు విషయం పొలం. ఏడాది పాటు నేను చేసిన తప్పు ఏమిటంటే, పేరు పట్టుకుని వెతకడం. మనిషి పేరు మారుతుంది, వయసు తప్పు చెప్తాడు, పొలం మాత్రం ఎక్కడికీ పోదు. ఇక్కడి సర్వే మనకి తొందరగానే అర్థమవుతుంది: ఆరు మైళ్లకి ఆరు మైళ్ల టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు, అందులో పావు వంతు 160 ఎకరాలు. మన సర్వే నంబరు లాంటిదే అనుకోండి. ప్రభుత్వం మొదటిసారి ఇచ్చిన పట్టాలు బీఎల్‌ఎం (ప్రభుత్వ భూములు చూసే శాఖ) వాళ్ల జనరల్ ల్యాండ్ ఆఫీస్ సైట్లో యాభై లక్షలకి పైగా ఉన్నాయి, పైసా తీసుకోరు. అందులో ఈయన పేరు ఐదు స్పెల్లింగుల్లోనూ లేదు.

పొలం ఎక్కడుందో చివరికి ఒక పాత ప్లాట్ బుక్కులో, అంటే ప్రతి సెక్షన్ మీదా యజమాని పేరు రాసిన మ్యాపుల పుస్తకంలో కనిపించింది. సెక్షన్ నంబరు బేసి సంఖ్య. అక్కడ లైటు వెలిగింది. ఆ ప్రాంతంలో బర్లింగ్టన్ అండ్ మిసోరీ రివర్ రైలు కంపెనీకి లైను వేసినందుకు ప్రభుత్వం బేసి సెక్షన్లు ఇచ్చింది, హోమ్‌స్టెడ్ వాళ్లకి, అంటే ప్రభుత్వం నుంచి ఉచితంగా పొలం తీసుకునేవాళ్లకి, మిగిలింది సరి సెక్షన్లు. పేరు మానేసి సెక్షన్ నంబరుతో వెతికితే పట్టా రైలు కంపెనీ పేరు మీద ఉంది. అంటే ఉచితం కాదు, ఈయన డబ్బు పెట్టి కొనుక్కున్నాడు! ఆ కంపెనీ పదేళ్ల అప్పు మీద, ఆరు శాతం వడ్డీకి పొలాలు అమ్మేది. కాబట్టి దస్తావేజు కొన్న ఏడాదిది కాదు, అప్పు తీరిన ఏడాదిది. నేను 1874, 75 పుస్తకాల్లో వెతికాను, అది 1884లో ఉంది.

అది చూడ్డానికి క్లే సెంటర్‌లో ఉన్న కోర్టు హౌస్‌కి వెళ్లాం, పిల్లాడితో సహా. రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసులో అమ్మినవాళ్ల పేరుతో ఒకటి, కొన్నవాళ్ల పేరుతో ఒకటి, పొలం నంబరు వరసలో ఒకటి ఇండెక్సులు ఉంటాయి. ఈ మూడోది తెరిస్తే మన ఈసీ తీసినట్టే, ఆ పొలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో మొత్తం ఒకే పేజీలో. కొడుక్కి రాసిచ్చిన దస్తావేజులో ముత్తవ్వ పేరు కూడా ఉంది, సంతకం చోట ఇంటూ గుర్తు. ఆవిడ పేరు మేమంతా తప్పుగా పలుకుతున్నామని అత్తగారికి ఆ రోజే తెలిసింది.

మీ వాళ్లు నిజంగా హోమ్‌స్టెడ్ తీసుకున్నవాళ్లయితే మాత్రం మీరు అదృష్టవంతులు. 1862 చట్టం ప్రకారం 160 ఎకరాలు దక్కాలంటే ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చెయ్యాలి, ఇద్దరు సాక్షులు చెప్పాలి. ఇల్లు ఎన్ని అడుగులు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నారు, పౌరసత్వం కాగితాలు, అన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. అసలు ఫైళ్లు వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, నెబ్రాస్కావి స్కాన్ అయ్యాయి. మా ముత్తాతకి ఫైలు లేదు గానీ ఆయన తమ్ముడు పక్కనే సరి సెక్షన్ తీసుకున్నాడు. ఆ ఫైల్లో సాక్షి ఎవరో తెలుసా, మా ముత్తాతే! వయసు, ఊరు చెప్పి, కింద జర్మన్ లిపిలో సంతకం. కాబట్టి అన్నదమ్ములనీ పక్క పొలం వాళ్లనీ వదలకండి.

1890 జనాభా లెక్క కోసం టైం వేస్ట్ చేసుకోకండి. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో అగ్నిప్రమాదంలో చాలా భాగం పాడైపోయింది, మిగిలినదాన్ని కూడా తర్వాత పారేశారు. నెబ్రాస్కా వాళ్లకి దాని బదులు 1885 లెక్క ఉంది. అందులో వ్యవసాయం షెడ్యూలు వేరుగా ఉంటుంది, ఎన్ని ఆవులు, ఎన్ని పౌన్ల వెన్న, ఎన్ని డజన్ల గుడ్లు అన్నీ రాశారు. అది చదువుతూ నవ్వుకుంటూ పక్క షెడ్యూలు తెరిచాను. అంతకుముందు పన్నెండు నెలల్లో చనిపోయినవాళ్ల జాబితా అది. మూడేళ్ల ఆడపిల్ల, డిఫ్తీరియా, ఇదే ఇంటిపేరు. ఆ ఐదుగురిలో ఒకరు. రాష్ట్రంలో జనన మరణాల నమోదు మొదలైంది 1904లో, సమాధి రాయి లేదు, కాబట్టి ఆ పిల్ల గురించి ఉన్నది ఆ ఒక్క వరసే. అత్తగారికి ఫోన్లో చెప్పకుండా ఆదివారం వెళ్లి చూపించాను. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత పెన్సిల్ అడిగింది.

మిగతావి క్లుప్తంగా. ఫైండ్ ఎ గ్రేవ్ సమాధుల ఫోటోలకి మంచిది, రాయి మీద ఉన్నదే నమ్మండి, కింద ఎవరో రాసిన కథ కాదు. పాత పత్రికలకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికా ఉచితం. ఎవరు ఎవరింటికి ఆదివారం భోజనానికి వెళ్లారో కూడా అచ్చేసేవాళ్లు, పల్లెటూరి వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి. కానీ జర్మన్ గోతిక్ అచ్చు ఉన్న పత్రికల్ని కంప్యూటర్ తప్పుల తడకగా చదువుతుంది.

ఇప్పుడు ఒడెస్సా వైపు చర్చి రికార్డుల దగ్గర ఆగాను. పాస్టర్లు ఏటా సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి పంపిన నకళ్లు 1833 నుంచి 1885 దాకా ఉన్నాయి, ఫిల్ముల మీద చూడొచ్చు, కానీ అంతా కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత. అందులో ఇ అక్షరం అచ్చం ఎన్ లాగే ఉంటుంది. రోజుకి అరపేజీ చదవగలుగుతున్నాను, అదీ పిల్లాడు హోంవర్క్ చేసుకుంటూ పక్కన కూర్చుని గొడవ చెయ్యకుండా ఉంటే.