రథసప్తమికి రూమ్ తీసుకుంటే ముందు గీజర్ చూడండి

రథసప్తమికి శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్లేవాళ్లకు స్నానాల వేళ అర్ధరాత్రి దాటగానే మొదలు. గుడి కోనేరు ఇంద్ర పుష్కరిణిలో మునిగేవాళ్లకు వేడినీళ్ల గొడవ లేదు. ముసలివాళ్లనీ చంటిపిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చేవాళ్లకే తంటా. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీల్లో మంచాలూ ఫ్యాన్లూ టీవీలూ దాదాపు ఒకలాగే ఉంటాయి. తేడా తెలిసేది తెల్లవారుజామున 3 గంటలకు కుళాయి తిప్పినప్పుడే.

'24 గంటలు వేడినీళ్లు' అన్న బోర్డు వెనక మేడ మీద సోలార్ ఉండొచ్చు, గోడకు గీజర్ ఉండొచ్చు, పెరట్లో కట్టెలపొయ్యి మీద కాగు కూడా ఉండొచ్చు. అందుకే కౌంటర్ దగ్గర "వేడినీళ్లొస్తాయా?" అని అడిగి లాభం లేదు. "వస్తాయండీ" అనే అంటారు. "గీజరా, సోలారా? ఎన్ని లీటర్లది?" అని అడగాలి.

సోలార్ అయితే పగలు కాగిన నీళ్లే రాత్రికి. 500 లీటర్ల ట్యాంకు కింద 20 గదులుంటే గదికి వచ్చేది 25 లీటర్లు. సాయంత్రం దిగినవాళ్లు స్నానాలు చేసేశాక తెల్లారేవాళ్లకు మిగిలేది తక్కువ. పైపులో నిలిచిన చన్నీళ్లు ముందు పోవాలి. ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లుంటే 5 లీటర్ల దాకా వృథాగా పోతాయి. అది వదలకుండానే "రావట్లేదు" అని కిందికి ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. మామూలు రోజుల్లో సోలార్ చాలు. పండగకి నిండిన లాడ్జీలో కరెంటు బ్యాకప్ లేని సోలార్‌ని నమ్ముకోకండి.

గోడకు చిన్న డబ్బా ఉంటే అది 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్, 3,000 వాట్లది. దీన్ని అందరూ తిడతారు. తప్పు కుళాయి తిప్పడంలో ఉంది. ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకుంటే, 40 డిగ్రీలకు తేవాలంటే ఇది నిమిషానికి 2 లీటర్ల పైచిలుకే ఇవ్వగలదు. కుళాయి పూర్తిగా తిప్పితే నిమిషానికి 7 లీటర్లు దూకుతాయి, వేడి పెరిగేది 6 డిగ్రీలే. స్విచ్ వేసి రెండు నిమిషాలు ఆగి, పెన్సిలంత ధార వచ్చేలా తిప్పండి. 16 లీటర్ల బకెట్ ఏడెనిమిది నిమిషాల్లో నిండుతుంది. నలుగురికి నాలుగు బకెట్లు అరగంట పని.

15 లీటర్ల స్టోరేజ్ గీజర్ పెద్దగా కనిపిస్తుంది గానీ చాలావరకు 2,000 వాట్లే. 20 నుంచి 60 డిగ్రీలకు కాగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. వేడినీళ్లు పైనుంచి వస్తుంటే కిందనుంచి చన్నీళ్లు చేరుతుంటాయి కాబట్టి 12 లీటర్లే పనికొస్తాయి. సగానికి సగం చన్నీళ్లు కలిపితే ఒకటిన్నర బకెట్. రెండో బకెట్ సగంలోనే ఆగాల్సిందే. 25 లీటర్లదైతే రెండున్నర బకెట్లు ఇస్తుంది. నలుగురుంటే మొదటి స్నానానికి అరగంట ముందే స్విచ్ వేసి, బకెట్‌కీ బకెట్‌కీ మధ్య మళ్లీ కాగనివ్వండి. అయితే స్నానం చేస్తున్నంతసేపూ స్విచ్ ఆపేసి ఉంచడం మేలు. కుళాయి ముట్టుకుంటే జివ్వుమందంటే ఎర్త్ సరిగా లేదు, ఆ గది మార్పించుకోండి.

తెల్లవారుజామున అన్ని గదుల్లోనూ ఒక్కసారే గీజర్లు వేస్తారు. వోల్టేజీ 230 నుంచి 200కి పడితే వేడి నాలుగో వంతు తగ్గుతుంది. పైన చెప్పిన నిమిషాలన్నీ మూడో వంతు పెరుగుతాయి. జనరేటర్ ఉంది కదా అనుకోకండి, చాలాచోట్ల దాని మీద లైట్లూ ఫ్యాన్లే నడుస్తాయి.

గది తీసుకునే ముందు రెండు నిమిషాలు బాత్‌రూమ్‌లో గడపండి. స్విచ్ వేస్తే గీజర్ మీద ఎర్రలైటు వెలగాలి. సాకెట్ 16 యాంపియర్లది, అంటే లావు పిన్నులది ఉండాలి. ప్లగ్ చుట్టూ గోధుమరంగు మరక ఉంటే లోపల వదులై కాలుతోందన్నమాట. వేడి, చల్ల కుళాయిలు తారుమారుగా బిగించడం మామూలే, రెండూ తిప్పి చూడండి. లైటు వెలగకపోతే బయట మెయిన్ స్విచ్ ఆపేసి ఉండొచ్చు, కుర్రాణ్ని పిలిస్తే వేస్తాడు.

శ్రీకూర్మం, కళింగపట్నం, బారువ వైపు తీరం పక్కన బస చేస్తే బోరునీళ్ల సంగతి చూడండి. సబ్బు నురగ రాక, షవర్ కన్నాల్లో తెల్లగా పేరుకుని ఉంటే గీజర్ లోపల కాయిల్ మీదా అదే పొర ఉంటుంది. కాగుతుంటే కుతకుతమని చప్పుడొస్తుంది, నీళ్లు ఆలస్యంగా వేడెక్కుతాయి. శ్రీముఖలింగం గుడికి శ్రీకాకుళం నుంచి పొద్దున్నే వెళ్లి వచ్చేయడమే సుఖం. రైల్లో వచ్చేవాళ్లు దిగేది ఆమదాలవలసలో, శ్రీకాకుళం అక్కణ్ణుంచి 13 కిలోమీటర్ల దూరం. రాత్రి బండికి వస్తే గది ముందే మాట్లాడుకోండి.

విజయనగరం లెక్క వేరు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, ఉక్కపోత ఇంకా తగ్గని రోజులు. అప్పుడు గీజర్ కోసం అదనంగా ఇచ్చే డబ్బు దండగ. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం ఆగే చోటుకి నడిచి వెళ్లగలిగే గది చూసుకోండి. అరకు ఎక్కే ముందు ఎస్.కోట (శృంగవరపుకోట)లో డిసెంబరు, జనవరిల్లో ఆగేవాళ్లు మాత్రం 25 లీటర్ల గీజర్ అడగాలి.

హోమ్‌స్టేలలో గ్యాస్ గీజర్ కనిపిస్తే సంతోషించే ముందు అది ఎక్కడ బిగించారో చూడండి. డబ్బా బాత్‌రూమ్ లోపలే ఉండి, కిటికీ లేకపోతే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిండి మనిషి స్పృహ తప్పుతాడు. తలుపు బార్లా తీసి బకెట్లు నింపుకుని, గ్యాస్ కట్టేశాక, గాలి మారనిచ్చి అప్పుడు గడియ పెట్టుకోవాలి.